వెర్న్ మొదలుపెట్టాలా, ముగించాలా

ఆ గురువారం పొద్దున ఎమెట్ సోర్లీ ఎడమ బొటనవేలు ఉబ్బి, వంకాయ రంగుకి తిరిగింది. అతనికి ముప్పై నాలుగేళ్లు. పదమూడేళ్లుగా అమెరికాలో, అయోవాలోని చిన్న ఊళ్ల బేస్‌బాల్ జట్లలో క్యాచర్. పిచర్ విసిరే బంతుల్ని బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనక గొంతుక్కూర్చుని పట్టడమే అతని బతుకు. వేలు నొప్పెట్టడం కొత్త కాదు. భార్య లొరెట్టా అడిగిన ప్రశ్నే కొత్తది.

"సోమవారం శుభ్రంగా ఉందిగా ఈ వేలు? ఆదివారం కూడా ఆ హలాస్కా బంతులే పట్టావుగా?"

"సరిగ్గా పట్టి ఉండను."

"పదమూడేళ్లు సరిగ్గా పట్టి, నిన్న మర్చిపోయావా?"

ఎమెట్ కాఫీ తాగడం ఆపేసి వేలిని చూసుకున్నాడు. నిజమే. ఆదివారం వెర్న్ హలాస్కా బంతులు గ్లవ్ నడిమధ్యలో పడ్డాయి. నిన్న అవే బంతులు ఆఖరి క్షణంలో కిందకి వాలి, బొటనవేలి మొదట్లో గుద్దుకున్నాయి.

మైదానానికి వెళ్లేసరికి మేనేజర్ పిలిచాడు. డచ్ ప్రూయిట్‌ని జట్టంతా స్కిప్ అంటారు. ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ, పొట్టు కాగితం కప్పులో ఉమ్ముతూ ఉంటాడు.

"మన ఆటలు మొదలెట్టే పిచర్ని నిన్న పై లీగ్ జట్టు వాళ్లు పట్టుకుపోయారు. వచ్చే బుధవారం మధ్యాహ్నం ఆట ఎవరు మొదలెడతారు? హలాస్కా చేత మొదలెట్టించమని పైనించి ఒకటే పోరు. ఏమంటావు?"

వెర్న్ హలాస్కా పని మొదలుపెట్టడం కాదు, ముగించడం. ఆట ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చి, జట్టు ఒకటో రెండో రన్ల ముందంజలో ఉన్నప్పుడు అతన్ని దింపుతారు. చివరి మూడు ఔట్లూ తీసి జనం చప్పట్ల మధ్య వెళ్లిపోతాడు. తీసినప్పుడు దేవుడే. తీయలేని రోజున బంతి కంచె దాటి పార్కింగులోని కార్ల మీద పడుతుంది. ఏ రోజు ఏ వెర్న్ వస్తాడో ఎవరికీ తెలియదు.

"నన్నడుగుతావేంటి స్కిప్? నేను పట్టేవాణ్ణి."

"పట్టేవాడికి తెలియనిది నాకేం తెలుస్తుందయ్యా? నేను బెంచీ మీద కూర్చునేవాణ్ణి."

"రెండ్రోజులు ఆగు. ఒకటి చూడాలి."

ఆ రెండు రోజులూ ఎమెట్ బుర్రలో అదే తొలిచింది. వానకి నాలుగు రోజులు ఆటలు ఆగాక ఆదివారం వెర్న్ దిగాడు. చెయ్యి ఉక్కులా ఉందన్నాడు. బంతి కంచె దాటింది. వేలు నొప్పెట్టలేదు. మంగళవారం, బుధవారం వరసగా దిగాడు. బుధవారం చెయ్యి బరువెక్కిందని గొణిగాడు. ముగ్గురూ నేల మీద దొర్లే బంతులు కొట్టి, మొదటి బేస్ చేరేలోపే ఔటయ్యారు. వేలు ఉబ్బింది. జూన్‌లో క్లింటన్ ఊళ్లోనూ ఇంతే కదా? వరసగా మూడో రోజునే కదా వేలికి మంచుగడ్డలు పెట్టుకుంది? చెయ్యి బాగున్న రోజు ఆట పోవడం, బాగాలేని రోజు గెలవడం ఏమిటి?

శనివారం పొద్దున్నే వెర్న్‌ని మైదానానికి రమ్మన్నాడు. ప్లేట్‌కి రెండు వైపులా రెండు కర్రలు పాతి, బ్యాటర్ మోకాలి ఎత్తున ఒక దారం కట్టాడు.

వెర్న్‌కి ఇరవై రెండేళ్లు. వాళ్ల నాన్నకి పందుల పెంపకం. మనిషి కూడా ఆ పొలంలో గుంజలా పొడుగ్గా, గట్టిగా ఉంటాడు. దారం చూసి నవ్వాడు.

"బట్టలారేస్తావా అన్నా?"

"విసురు. నేను చాలనేదాకా విసురు."

మొదటి బంతి దారానికి జానెడు పైనుంచి వచ్చింది. వేగంగా, సూటిగా, ఎవడైనా కొట్టగలిగేలా. పది, పదిహేను, అన్నీ పైనే. ఇరవై రెండోది దారాన్ని ఊపింది. వెర్న్ చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"చాలదా? చెయ్యి పీకుతోంది."

"ఇంకా."

ముప్పై ఆరో బంతి దారం దాకా వచ్చి, మెట్టు దిగినట్టు కిందకి జారి, దాని అడుగునుంచి దూరింది. బొటనవేలు జివ్వుమంది. ఆ తర్వాతవన్నీ కిందనుంచే. ఎమెట్ నొప్పికి పళ్లు బిగించి, పట్టరాని సంతోషంతో నవ్వాడు.

"ఏం నవ్వు అది?"

"నువ్వు అలిసిపోతే గానీ పిచర్‌వి కావురా! బలంగా ఉన్నప్పుడు బంతిని తోసేస్తున్నావు, అది వాలడానికి టైమే ఉండట్లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నువ్వు వేసేది పదిహేను బంతులు. నీ అసలు బంతి మొదలయ్యేసరికి ఆట అయిపోతోంది. నువ్వు మొదట్నించీ వెయ్యాలి."

వెర్న్ మొహం ముడుచుకుంది. "నేను వెయ్యను."

"ఏం?"

"తొమ్మిదోదాంట్లో నేనొస్తుంటే జనం లేచి నిలబడతారు. మొదటిదాంట్లో ఎవడు చూస్తాడు? అందరూ హాట్‌డాగ్ లైన్లో ఉంటారు."

వెర్న్ గడ్డిలో చతికిలబడి కాసేపు బూటు తాడు లాగుతూ కూర్చున్నాడు.

"స్కూల్లో ఒకసారి మొదలెట్టాను. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఎనిమిది రన్లు. కోచ్ నన్ను తీసేసి ఎక్కడో కుడి మూల, రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టాడు. మిగతా ఆటంతా అక్కడే, అందరూ చూస్తుండగా. తొమ్మిదోదాంట్లో అయితే చెడినా వెంటనే ఇంటికెళ్లిపోవచ్చు."

"ఆ రోజు మూడో ఇన్నింగ్స్ దాకా ఉంచి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. తెలుసుకోవాలని లేదూ?"

వెర్న్ లేచాడు. కర్రలు పీకడానికి సాయం చేశాడు.

ఎమెట్ మాట మీద స్కిప్ సరేనన్నాడు. బుధవారం మధ్యాహ్నం ఆట మొదలెట్టడానికి వెర్నే దిగాడు. ఆటకి ముందు అరవై బంతులు వేయించమని ఎమెట్ అడిగితే, "చెయ్యి ఊడదీస్తావా?" అని స్కిప్ నలభైకే ఒప్పుకున్నాడు. అవీ చాలలేదు. మధ్యలో జాతీయ గీతం, మేయరు ఉపన్యాసం అంటూ ఇరవై నిమిషాలు గడిచి చెయ్యి మళ్లీ కుదుటపడింది. మొదటి ఇన్నింగ్స్‌లో రెండు రన్లు పోయాయి. రెండోదాంట్లో వరసగా రెండు గట్టి దెబ్బలు. స్కిప్ గింజలు ఉమ్మేసి పిచర్ నిలబడే దిబ్బ మీదకి నడిచాడు. తనని తీసేస్తున్నాడనుకుని వెర్న్ తలొంచుకుని బంతి ఇవ్వబోయాడు. ఎమెట్ పరుగున వచ్చి అడ్డుపడ్డాడు.

"ఇంకాస్త ఆగు స్కిప్. నా వేలు ఇంకా నొప్పెట్టట్లేదు."

"ఆట నీ వేలు చూసి ఆడించాలా?"

"ఇప్పటిదాకా నువ్వేం చూసి ఆడించావు?"

స్కిప్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఈ ఒక్కడు. వీడు కొట్టాడా, ఇద్దరూ నాతోపాటు బెంచీ మీదే."

ఆ బ్యాటర్ బలంగానే ఊపాడు. బంతి బ్యాట్ అడుగంచుకి తగిలి నేల మీద దొర్లింది. ఒక్క దెబ్బకి ఇద్దరు ఔట్, కొట్టినవాడూ, బేస్ మీదున్నవాడూ. ఆ తర్వాత ఐదు ఇన్నింగ్స్ పాటు బంతి గాల్లోకి లేచిందే లేదు. అంతా దొర్లుడే. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుండే షార్ట్‌స్టాప్ ఆ బంతుల కోసం వంగి వంగి నడుం పట్టుకున్నాడు. ఎమెట్‌కి ప్రతి బంతికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడో ఇన్నింగ్స్ అయ్యాక స్కిప్ వెర్న్‌ని తప్పించేసరికి జట్టు మూడు రన్లతో, ప్రత్యర్థులు రెండుతో ఉన్నారు.

ఎనిమిదోదాన్ని వేరేవాడు ఎలాగో నెట్టుకొచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి ముగించేవాడు లేడు. స్కిప్ ఇంకొకణ్ణి పంపాడు. వాడు రెండు రన్లు ఇచ్చాడు. తర్వాత తమ బ్యాటర్లు ఒక్క రన్నూ తేలేక ఆట పోయింది.

వెర్న్ బెంచీ మీంచి అదంతా చూశాడు. చేతులు కట్టుకుని, కింద పెదవి కొరుక్కుంటూ.

"చూశావా?" స్కిప్ ఎమెట్ మీద విరుచుకుపడ్డాడు. "ఒక కన్నం పూడిస్తే ఇంకో కన్నం! ఇప్పుడు వీణ్ణెక్కడ పెట్టను?"

ఎమెట్ వేలికి మంచుగడ్డ పెట్టుకుంటున్నాడు.

వెర్న్ మధ్యలో కల్పించుకున్నాడు. "ఆరోదాంట్లో నా బంతి ఎలా పోయిందో చూశావా స్కిప్? అలా పోతుందని నాకే తెలీదు. ఎనిమిదోదాంట్లో కూడా ఉంచితే ఇంకెలా పోయేదో!" బెంచీ మీంచి లేచాడు. "మళ్లీ నా వంతు ఎప్పుడు, సోమవారమా?"

"సోమవారం," అన్నాడు స్కిప్, తను ఎప్పుడు ఒప్పుకున్నాడో తనకే తెలియనట్టు.