నలభై ఒక్క నిమిషాలు

ఇరవై రెండేళ్లు బస్సు నడిపిన మనిషి. ఎడమ కంటికి చూపు తగ్గిందని డాక్టరు కాగితం మీద ఒక్క ముక్క రాయడంతో స్టీరింగ్ చేజారిపోయింది. డిపో వాళ్లు మరీ నిర్దయగా రోడ్డున పడెయ్యలేదు. "షెడ్యూల్ సెక్షన్‌లో కూర్చోండి. బస్సుల టైం చార్టులు వేసే గుమాస్తా రిటైరవుతున్నాడు. నెల రోజుల్లో కంప్యూటర్ నేర్చుకుంటే ఆ కుర్చీ మీది," అన్నాడు సెక్షన్ ఆఫీసరు. నేర్చుకోకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, డ్రైవరు అడగలేదు.

ఇంట్లో కంప్యూటరు వెనకగదిలో ఉంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, అదీ చెయ్యి చాస్తే అందేంత దగ్గర. బస్సు ముందరి పెద్ద అద్దంలోంచి లోకాన్ని చూస్తూ బతికినవాడికి ఆ గదిలో పావుగంట కూర్చుంటే ఊపిరాడేది కాదు.

డిగ్రీ చదివే కూతురు ఏదో ఎక్కించి, తెర మీద నల్లటి పెట్టె ఒకటి తెరిచింది. "దీన్ని పైథాన్ అంటారు నాన్నా."

"పామా?"

"కరవదులే. కంప్యూటర్‌తో మాట్లాడే భాష. ఈ మూడు బాణం గుర్తులు కనిపిస్తున్నాయా? నీ మాట కోసం ఎదురుచూస్తోందని అర్థం. నువ్వొకటి అడుగు, వెంటనే జవాబిస్తుంది."

రెండూ మూడూ కలపమన్నాడు. అయిదంది. "ఈ మాత్రం దానికి దీన్నడగాలా?" అన్నాడు గాని, లోపల్లోపల సంబరపడ్డాడు. పేరొకటి రాసి దానికి అంకె ఇస్తే గుర్తుపెట్టుకుంటుందని, ఆ తర్వాత పేరు చెబితే చాలని కూతురు చూపించింది. చూపించి కాలేజీకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఒక్కడే కూర్చుని మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు వేళ్లతో కొట్టాడు. ఒకచోట బ్రాకెట్ తెరిచి, మూయడం మరిచి ఎంటర్ నొక్కాడు. బాణం గుర్తులు రాలేదు. మూడు చుక్కలొచ్చాయి. మళ్లీ నొక్కాడు, మళ్లీ చుక్కలే. పదిసార్లు నొక్కితే పది వరసల చుక్కలు. మూసేద్దామంటే, మూస్తే పొద్దుట్నుంచి చేసిందంతా పోతుందని కూతురు ముందే హెచ్చరించింది.

"అన్నానికి రండి," అని భార్య రెండుసార్లు పిలిచింది.

"కదల్లేనే! ఇందులో ఇరుక్కుపోయాను."

ఆవిడ గుమ్మంలోంచి తెర కేసి చూసి, "ఇవి ఒట్టి చుక్కలే కదండీ?" అంది.

గంటన్నర తర్వాత కూతురు ఫోనెత్తింది. విషయం విని నవ్వింది. "తెరిచిన బ్రాకెట్ మూసెయ్యి నాన్నా, వదిలేస్తుంది."

మూశాడు. వదిలేసింది. అతను మాత్రం చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

మూడోవారానికి చెయ్యి తిరిగింది. అప్పుడు ఆఫీసరు పరీక్షలాగా ఒక పని అప్పగించాడు. పన్నెండో నంబరు రూటుకు కొత్త చార్టు వెయ్యాలి. అది డ్రైవరు తొమ్మిదేళ్లు నడిపిన రూటు. ట్రిప్పుకు నలభై ఒక్క నిమిషాలని కాగితం మీద ఉంది.

ఆ అంకె చూడగానే అతనికి ఒళ్లు మండింది. రైలు గేటు పడితేనే ఏడు నిమిషాలు పోతాయి. బడి వదిలే వేళ బస్సు చీమలా పాకాలి. నిజానికి యాభై అయిదు పడుతుంది. ఆ తేడా పూడ్చడానికే మంచినీళ్లు తాగకుండా, ఒంటికి వెళ్లడం ఆపుకుని, ముసలివాళ్లు సరిగ్గా కూర్చోకముందే గేరు మార్చేవాడు. ఈ చార్టు వేసిన మహానుభావుడెవడో ఒక్కరోజు బస్సెక్కితే బాగుండునని కనపడ్డవాళ్లందరి దగ్గరా తిట్టుకునేవాడు.

యాభై అయిదు కొట్టాడు. ఎనిమిది గంటల డ్యూటీలో పట్టే ట్రిప్పులు పదకొండు నుంచి ఎనిమిదికి పడిపోయాయి. అదే తీసుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టాడు.

ఆయన కోప్పడలేదు. "మీరు చెప్పింది నిజమే కావచ్చు. మిగతా మూడు ట్రిప్పులకు బస్సెక్కడిది? డ్రైవరెక్కడివాడు? టైం పైనుంచి వస్తుంది, మార్చడం మన చేతుల్లో లేదు. మీకు కష్టమనిపిస్తే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటాను."

ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా వెనకగదిలో కూర్చున్నాడు. కూతురు వెనకాల నిలబడింది. అతను నలభై ఒకటి కొట్టాడు. పదకొండు ట్రిప్పులూ బుద్ధిగా ఒకదాని కింద ఒకటి దిగాయి.

"తప్పని నీకు తెలుసు కదా నాన్నా."

"నాకు తెలుసు. దానికి తెలీదు. ఏది పెడితే అదే నిజమనుకుంటుంది."

"మరి నువ్వు?"

అతను చార్టు అడుగున తన పేరు కొట్టాడు.

చార్టు డిపో గోడకెక్కింది. అడుగున తయారుచేసినవారని అతని పేరుంది. సాయంత్రం పాత కండక్టరు ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్లు ఒకే బస్సులో తిరిగిన స్నేహం.

"బావా, ఎవరైనా నీ పేరు పెట్టేశారా, నువ్వే వేశావా?"

"నేనే."

డ్రైవరు ఆగకుండా, "ఒక పని చెయ్యి. రోజూ ఏ ట్రిప్పుకి ఎంత పట్టిందో రాసి పంపు. అంకెలన్నీ పోగేసి పైవాళ్లకి చూపిస్తా," అన్నాడు.

"రాసేదెప్పుడు బావా? గుక్క తిప్పుకోడానికే నువ్వు టైమివ్వలేదు." ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం డ్రైవరు పన్నెండో నంబరెక్కి, వాచీ చూసుకుంటూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగాడు. కండక్టరు పలకరించలేదు. ఏ ట్రిప్పూ యాభై మూడుకి తగ్గలేదు. సోమవారం ఆ కాగితాన్ని ఆఫీసరు శ్రద్ధగానే చదివి, "చూద్దాం," అని సొరుగులో పెట్టుకున్నాడు. ఆ సొరుగు మళ్లీ తెరుచుకోవడం డ్రైవరు చూడలేదు.

నెల తిరక్కుండానే కుర్చీ అతనిదైంది. ఇంట్లో అందరూ సంతోషించారు. మొదటిరోజు బల్ల మీద పదిహేనో నంబరు రూటు కాగితం సిద్ధంగా ఉంది. ట్రిప్పుకు ముప్ఫై ఆరు నిమిషాలట. ఆ రూటు అతను ఎన్నడూ నడపలేదు. ముప్ఫై ఆరని కొట్టి, చార్టు తీసి, సంతకం పెట్టి, తర్వాతి కాగితం అందుకున్నాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆగలేదన్న సంగతి మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుంటే తట్టింది. మూత మళ్లీ పెట్టేసి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.