ఎండలో వేసిన చాప

నెలకొకసారి యశోదమ్మ ఆ ఈతచాపను ఎండలో వేస్తుంది. కోడలు బయట చేరడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, పొద్దున్నే, వాకిలి పక్క పిట్టగోడ మీద దాన్ని పరిచి, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి దుమ్ము దులుపుతుంది. పక్క వసారాలో విడిగా ఉంచిన పళ్లెం, గ్లాసు కడిగి బోర్లిస్తుంది. ఆ మూడు రోజులూ స్వర్ణ ఆ వసారాలోనే, ఆ చాప మీదే, ఆ పళ్లెంలోనే. యశోదమ్మకు తేదీ ఎప్పుడూ తప్పదు. పుంగనూరులో ఆ వీధి వాళ్లకు స్వర్ణ ఒంట్లో ఏం జరుగుతోందో ఆ గోడ చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఆ సోమవారం స్వర్ణ ముగ్గు వేస్తుంటే ఎదురింటి తిమ్మక్క పాలక్యాను కింద దించి నిలబడింది.

"ఏం మే స్వర్ణా, మీ అత్త చాప ఎండేసిండాది. ఈ నెలన్నా దాన్ని అట్లే సుట్టి పెట్టిస్తావా?"

స్వర్ణ తలెత్తకుండా నవ్వింది. పెళ్లయిన ఈ మూడేళ్లలో నేర్చుకున్న నవ్వు అది. పెదాల దగ్గర మొదలై పెదాల దగ్గరే ఆగిపోతుంది. వంగి చుక్కలు పెడుతుంటే రొమ్ములు సలుపుతున్నాయి. నాలుగు రోజులుగా ఇంతే. మధ్యాహ్నం రెండయ్యేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. గంటకొకసారి బాత్‌రూముకు వెళ్లాల్సి వస్తోంది. నిన్న టమోటా పచ్చడికి పోపు పెడుతుంటే కాగే నూనె వాసనకు కడుపులో తిప్పింది. పొరపోయినట్టు దగ్గి పెరట్లోకి వెళ్లి, జామచెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. విచిత్రంగా, రోజంతా కొట్టాల్లో పీల్చే పేడ వాసన మాత్రం ఆమెను ఏమీ చేయలేదు. ఇవన్నీ ఏమిటో ఆమెకు తెలియక కాదు. అయితే నెల వచ్చే ముందు కూడా రొమ్ములు సలుపుతాయి, నిద్ర వస్తుంది, వాసనలు గిట్టవు. ఒళ్లు రెండు వార్తలకూ ఒకే గొంతుతో మాట్లాడుతుంది. పోయినసారి ఆ గొంతును నమ్మి ఆమె దెబ్బతిన్నది.

పోయిన ఏడాది ఒక్కటంటే ఒక్కరోజు ఆలస్యమైంది. చాప ఖాళీగా ఉండడం చూసి యశోదమ్మ కొడుకును లేపింది. సురేంద్ర మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. సాయంత్రం వస్తూ వస్తూ పరీక్ష కిట్టు తెచ్చాడు. మర్నాడు దాకా ఆగుదామని స్వర్ణ అంటే "మర్నాడు చూసినా అదే కదా, ఇప్పుడు చూస్తే ఏంది" అన్నాడు. ఆమె లోపల, అతను బాత్‌రూము తలుపు బయట ఫోనులో నిమిషాలు చూస్తూ. "అయిందా? ఐదు నిమిషాలు అయిపోయింది గదా. ఏముందో చెప్పు." గీత ఉందో లేదో తెలియనంత పల్చగా ఉంది. తలుపు తీయగానే ఆ గీత ఆమెది కాకుండా పోయింది. యశోదమ్మ వీధిలో చక్కెర పంచింది. పలమనేరులో ఉన్న ఆడబిడ్డ పుష్పావతికి ఫోను పోయింది. ఆరో రోజు నెల వచ్చేసింది.

"గొడ్ల కొట్టాల్లో తిరిగేదానికి ఏం నిలుస్తాది? ఆ స్కూటరు, ఆ గుంతలు, భుజం దాకా గొడ్లలో చేతులు. నేను వీధిలో తలెట్ల ఎత్తుకోవాల?" అంది యశోదమ్మ. సురేంద్ర ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడాన్ని స్వర్ణ చాలా రోజులు మోసింది. పుట్టకుండానే పోయిన దాని కోసం ఏడవడానికి ఆమెకు చోటు దొరకలేదు. ఆ ఏడుపు కూడా చక్కెర తిన్న ఇళ్లకు జవాబులా ఉండేది. ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్రం చేతిమీద చెయ్యి వేసి చెప్పింది. "ఇట్లాంటివి చాలామందికి అవుతాయమ్మా. స్కూటరు వల్ల కాదు, నీ వల్ల కాదు. అంత తొందరగా చూసుకోకపోయుంటే నెల కాస్త ఆలస్యమైందనుకుని ఊరుకునేదానివి. ఈసారి ఒక వారం దాటనీ. పొద్దున లేవగానే చూసుకో."

స్వర్ణ పశువైద్య కేంద్రంలో సహాయకురాలు. ఆవులకు గర్భం నిలిచేందుకు సూదులు వేయడం, ఎదకొచ్చాయేమో చూడడం, చూడి కట్టిందో లేదో చెప్పడం ఆమె పని. శుక్రవారం కుప్పంలో ఆమెకు చేతి పరీక్ష ఉంది. పది ఆవులను తడిమి, ఏది చూడిదో ఎన్ని నెలలదో చెప్పాలి. నెగ్గితే పై డాక్టరు పక్కన లేకుండా తనే చూసి రాసి ఇవ్వొచ్చు. రెండేళ్లుగా ఆ రోజు కోసం చూస్తోంది. బుధవారం ఆమె చాప మీద కూర్చోకపోతే గురువారానికల్లా సురేంద్ర చేతిలో కిట్టు ఉంటుంది, శుక్రవారం ఆమె కుప్పం బస్సెక్కదు. ఎక్కనివ్వరు.

మంగళవారం కదిరప్ప కొట్టంలో ఆ ముడి వీడింది. కదిరప్పది ఒకే ఒక పుంగనూరు ఆవు, నడుమెత్తు కూడా లేదు. దానికి సూది వేసి ఇరవై మూడు రోజులైంది.

"ఎదకు రాలేదమ్మా. సూడే కదా?"

"ఇప్పుడే ఏం తెలుస్తాదప్పా. రాకపోవడం మంచిదే. రెండు నెలలు దాటనీ, అప్పుడు చెయ్యి పెట్టి సూస్తా."

"మా పక్క కొట్టపోడు అప్పుడే సూడి అని చెప్తాండాడే."

"వాడు చెప్తాడు. ఆవు చెప్పొద్దా?"

కదిరప్ప పళ్లు బయటపెట్టి నవ్వాడు. "సరే తల్లీ, దాని ఇష్టం. దాన్ని తొందరపెట్టేదానికి మనమెవరం."

తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఆ మాట ఆమెను వదల్లేదు. తను ఏ ఆవును తొందరపెట్టలేదు. తొందరపడి తడిమితే చేతికి తెలిసేది ఏమీ ఉండదనీ, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో లేదనీ రైతులకు ఎన్నిసార్లు చెప్పిందో. వాటి మూతి మీద చెయ్యి వేసి, ఆగండి, ఇంకా టైముంది అని ఎన్ని ఆవుల తరఫున మాట్లాడిందో. ఆ మాట తన తరఫున అనగలిగిన మనిషి ఈ ఊళ్లో ఒకే ఒక్కతె ఉంది. ఆ మనిషి ఇన్నాళ్లూ ముగ్గు వేస్తూ నవ్వుతోంది.

బుధవారం పొద్దున ఆమె వంటింట్లోకి వెళ్లలేదు. పిట్టగోడ మీది చాపను తనే తీసుకుని వసారాలో పరుచుకుంది.

"దూరమైనా అత్తా."

యశోదమ్మ మొహం వాడిపోయింది. "ఈ నెలా ఇంతేనా" అని, చేటలోని బియ్యం వైపు తిరిగింది.

మొదటి గంటంతా స్వర్ణకు ఒకటే అనుమానం. వచ్చిందని చెబితే నిజంగానే వస్తుందేమో. అబద్ధానికి కోపం వచ్చి ఒళ్లు దాన్ని నిజం చేస్తుందేమో. ప్రతిసారీ బాత్‌రూములో గుండె చిక్కబట్టుకుని చూసుకుంది. ఏమీ లేదు. ఎవరికీ అనుమానం రాకుండా తెల్లటి ప్యాడ్‌లను మడత విప్పకుండానే కాగితంలో చుట్టి పెరట్లో కాల్చింది. అవి కాలుతుంటే ఎందుకో నవ్వొచ్చింది. ఈసారి నవ్వు పెదాల దగ్గర ఆగలేదు. ఒంటి గురించి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ఇన్నాళ్లూ చెప్పిన నిజాలలో ఒక్కటి కూడా ఆమెకు ఇంత చోటు ఇవ్వలేదు.

చోటంటే నిజంగానే చోటు. నాలుగున్నరకు లేవనక్కర్లేదు. కాఫీ కలపనక్కర్లేదు. సురేంద్ర చేసిన ఉప్మా అడుగంటిన వాసన వసారా దాకా వచ్చింది, "రవ్వ ముందు వేయించాలా ఏంది?" అని లోపలి నుంచి గొంతు వినిపించింది. ఆమె సమాధానం చెప్పలేదు. చెబితే ముట్టినట్టు కాదు, అయినా చెప్పలేదు. మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని పరీక్షకు చదువుకుంది, కళ్లు మూతలు పడితే పడుకుంది. ఆమెను వెలివేయడానికి కట్టిన వసారాలో, పెళ్లయ్యాక మొదటిసారి, తన నిద్ర తను పోయింది. ఇంట్లో దేన్నీ తాకకూడని మనిషి కేంద్రానికి పోయి జీతం తేవచ్చు, దానికి ఏ ముట్టూ లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఆమెకు కోపం తెప్పించేది. ఆ వారం మాత్రం పనికొచ్చింది. గురువారం కేంద్రంలో నెలలు నిండకుండా ఈనిన ఆవు దగ్గరికి రమ్మంటే తను పోకుండా తోటి ఉద్యోగి హరీష్‌ను పంపింది. అలాంటి చోట మనిషికి అంటుకునే జబ్బులుంటాయని ఆమెకు తెలుసు. "ఈ పొద్దు నువ్వు పో అబ్బా" అంది, కారణం చెప్పలేదు. కారణం చెప్పకుండా ఒక మాట అనడం ఇంత తేలికా అనిపించింది.

శుక్రవారం స్కూటరు ఇంట్లో పెట్టి బస్సెక్కింది. పలమనేరు, వెంకటగిరికోట దాటుకుని కుప్పం చేరేసరికి పదయింది. పదకొండు మందిలో ఆమె ఒక్కతే ఆడది. పరీక్ష పెట్టే డాక్టరు అమర్‌నాథ్ ఆమె చేతులు చూసి, "పొట్టి చేతులమ్మా నీవి, అందుతాదా?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

"నా చెయ్యి ఆవుకు సరిపోతే సాలు సార్" అంది, రెండు జతల గ్లవుజులు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటూ.

అందరి తర్వాత ఆమె వంతు వచ్చింది. ఒక్కో ఆవు దగ్గరా కళ్లు మూసుకుని, లోపలి వెచ్చదనంలో వేళ్లతో వెతికి చెప్పింది. నాలుగు నెలలు. వట్టిది. ఆరు దాటింది. ఏడో ఆవు దగ్గర ఆమె చెయ్యి చాలాసేపు ఆగింది. తర్వాత మెల్లగా బయటికి తీసింది.

"దీని సంగతి ఇప్పుడు చెప్పలేను సార్."

"చెప్పాల కదమ్మా. పరీక్ష ఇది. అవునో కాదో ఏదో ఒకటి చెప్పు."

"ఏదో ఒకటి చెప్పను. వట్టిది అనేదానికి లేదు, సూడి అనేదానికీ లేదు. నెల రోజులు పోయినాక మళ్లీ సూస్తా."

అమర్‌నాథ్ చేతిలోని కాగితం తిప్పి మిగతావాళ్లకు చూపించాడు. ఆ ఆవుకు సూది వేసి ముప్పై రెండు రోజులు. "మీలో ఆరుగురు సూడి అన్నారు, నలుగురు వట్టిది అన్నారు. చేతికి తెలియని దాన్ని తెలియలేదని చెప్పింది ఈమె ఒక్కతే." ఈసారి ఎవరూ నవ్వలేదు.

బస్టాండు పక్క మందుల షాపులో కిట్టు కొనుక్కుంది. ఆ ఊళ్లో ఆమె ఎవరి కోడలో ఎవరికీ తెలియదు. సంచిలో ఒక పక్క పరీక్ష నెగ్గిన కాగితం, ఇంకో పక్క ఇంకా విప్పని పరీక్ష. కిటికీ పక్కన కూర్చుని ఆ సంచిని ఒళ్లో పెట్టుకుంది, పుంగనూరు దాకా దించలేదు.

శనివారం తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చింది. ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. ప్రతి పొద్దూ కిట్టు పిలిచేది. ప్రతి పొద్దూ ఆమె, ఇంకా టైముంది అని దానికి చెప్పేది. ఆగడం భయం వల్ల కాదని, అది తనకు చేతనైన పని అని ఆ రోజుల్లో ఆమెకు తెలిసింది. బుధవారం, వారం నిండిన రోజు, అందరికంటే ముందు లేచింది. తలుపు గడియ పెట్టుకుంది. మూడు చుక్కలు వేసింది. బయట ఎవరూ నిమిషాలు చూడడం లేదు. ఐదు నిమిషాలు ఐదు నిమిషాల్లాగే గడిచాయి.

రెండు గీతలు. రెండోది మొదటి దానంత ఎర్రగా, సందేహం లేకుండా.

ఆమె అరవలేదు, ఏడవలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది, ఆవులను తడిమే చెయ్యి. ఈ భూమి మీద ఈ సంగతి తెలిసిన మనిషి ప్రస్తుతానికి ఒక్కతే అనుకుంది, ఆ ఒక్కతె తనే కావడం ఎంత సహజమో అనుకుంది. తర్వాత బయటికొచ్చి ముగ్గు వేసింది. తిమ్మక్క పాలక్యానుతో వెళుతూ, "ఏం మే, ఈ పొద్దు ముగ్గు ఇంత పెద్దగా ఏసినావు" అంది.

"ఏసుకోవాలనిపించింది అక్కా."

రెండున్నర వారాలు దాటాక మళ్లీ చాప ఎండేసే సోమవారం వచ్చింది. యశోదమ్మ వసారాలోంచి చాప తీసుకుని పిట్టగోడ వైపు నడిచింది. స్వర్ణ ఎదురు వెళ్లి ఆమె చేతుల్లోంచి దాన్ని అందుకుంది.

"ఈ నెల ఎండెయ్యద్దు అత్తా."

"యాల?"

"మొన్న శనివారం మదనపల్లెలో స్కానింగు తీయించుకున్నా. ఏడు వారాలు దాటిండాది. గుండె కొట్టుకుంటాండాది, నేను ఇన్నా."

యశోదమ్మ మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "మరి పోయిన నెల మూడు దినాలు కూసున్యావే."

"కూసున్యా."

లోపలి నుంచి నోట్లో బ్రష్షుతో సురేంద్ర వచ్చాడు. అన్నీ విన్నాడు. మొహంలో సంతోషం, దాని మీదే నొచ్చుకోవడం. "నాకు కూడా చెప్పలేదా నువ్వు? ముందు నాకు చెప్పాల కదా."

"నువ్వే దానికి నాయనవు, అందుకే చెప్తాండా" అంది స్వర్ణ, మెల్లగా, ఆవు మూతి మీద చెయ్యి వేసినప్పుడు మాట్లాడే గొంతుతో. "కానీ ముందు నాకు తెలియాల కదప్పా."

అతను బ్రష్షు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి అతని మౌనాన్ని ఆమె మోయలేదు. అతని దగ్గరే వదిలేసింది. ఎదురింటి నుంచి తిమ్మక్క మెడ చాచి చూస్తోంది. యశోదమ్మ లేచి రెండడుగులు వేసి, ఏమనుకుందో ఆగి, కోడలి వైపు తిరిగింది.

"చెప్పేదా?"

మూడేళ్లలో అత్త ఆమె ఇష్టం అడగడం అదే మొదటిసారి.

"ఇప్పుడే వద్దు. చెప్పే దినం నేను చెప్తా."

యశోదమ్మ తలూపింది. చాప కోసం చెయ్యి చాచింది. "సరే, ఇట్లియ్యి. లోపల పెడతా. కాన్పయినాక మళ్లా కావాల కదా."

"వద్దత్తా. కదిరప్ప ఆవు ఈనితే దూడ కింద పరుస్తాం" అని, స్వర్ణ చాపను చుట్టి, తాడుతో బిగించి, పనికి తీసుకుపోయే సంచి పక్కన పెట్టుకుంది. "ఇంక నా దినాలు గోడ మీద ఉండవు."