స్క్రీన్‌కు పెట్టిన పరీక్ష

మా చిట్టి ఊరికి నీళ్ళు వదిలే కంట్రోల్ రూమ్‌లో పని చేస్తుంది. స్క్రీన్ ముందు కూర్చుని ఏ ట్యాంకు నిండిందో, ఏ పంపు ఆగిందో చూసుకుంటూ మీటలు నొక్కడం దాని పని. పాత స్క్రీన్ తీసేసి కొత్తది పెడతారని, దానికి ముందు అందరికీ పరీక్ష ఉందని అది చెప్పగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పరీక్ష గురించి నాకు తెలిసింది ఒక్కటే, తప్పితే బయటికి పంపేస్తారు. ఏడో తరగతి లెక్కల్లో తప్పాక మా నాన్న నన్ను మళ్ళీ బడికి పంపలేదు.

"ఇంకా ఏమీ కాలేదమ్మా. అప్పుడే మొదలుపెట్టకు," అంది చిట్టి.

"అంతా అయ్యాక మొదలుపెడితే ఏం లాభం?" అన్నాను.

అందరికంటే ముందు పరీక్షకు వెళ్ళింది పక్కింటి అన్నయ్య. చిట్టికి ఆ పని నేర్పింది ఆయనే. సాయంత్రం వదిన వచ్చి గుసగుసగా చెప్పింది.

"ఎవరితోనూ అనొద్దన్నారట. నువ్వు కాబట్టి చెప్తున్నా. అంతా ఉత్తుత్తి నీళ్ళు, ఉత్తుత్తి పంపులేనట. పని మధ్యలో ఉన్నట్టుండి స్క్రీన్ ఆర్పేస్తారట. ఇప్పుడు ఏ ట్యాంకులో ఎంత ఉంది, ఏ పంపు ఆగింది, ఇంకాసేపట్లో ఏమవుతుంది అని అడుగుతారట. మీ అన్నయ్య సగానికి సగం తెలీదన్నాడట! ఇంట్లో మాత్రం నా తాళంచెవులు ఎక్కడ పెట్టానో కూడా ఆయనే చెప్తాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. వదిన వెళ్ళాక మాత్రం నా నవ్వు ఆగిపోయింది. అన్నయ్యే చెప్పలేకపోతే నా పిల్ల గతేం కాను?

ఆ పూట నుంచే ఇంట్లో తర్ఫీదు మొదలుపెట్టాను. చిట్టి అన్నం తింటుంటే వెనక నుంచి వచ్చి కళ్ళు మూసేదాన్ని.

"బల్ల మీద గ్లాసులెన్ని? ఏది నిండుగా ఉంది? పొయ్యి మీద ఏముంది? ఇంకాసేపట్లో ఏమవుతుంది?"

"ఇంకాసేపట్లో నాకు పిచ్చెక్కుతుంది."

"నన్ను కళ్ళు మూయకుండానే అడుగు," అన్నారు మా ఆయన. "ఇంకాసేపట్లో ఎవరికి చీవాట్లు పడతాయో చెప్తాను."

ఆయన మాట నేను చెవిన పెట్టలేదు. చిట్టికి ఒక ఉపాయం చెప్పాను. "పని సంగతి తర్వాత చూడొచ్చు. ముందు అంకెలు పట్టుకో. పై నుంచి కిందికి, ఎక్కం చదివినట్టు లోపల చదువుతూనే ఉండు. ఎప్పుడు ఆర్పినా నాలుక చివర ఉంటాయి."

"అంకెలు చదువుతూ కూర్చుంటే పంపులెవరు నడుపుతారే?"

"ఉత్తుత్తి నీళ్ళేగా! పొర్లితే ఎవరి కొంప మునుగుతుంది?"

పాపం పిల్ల, నా పోరు పడలేక సరేనంది. పరీక్ష నాడు అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పేసిందట. ఆ కబురు విని నేను నేల మీద నిలవలేదు. అది మాత్రం చెప్పులు విప్పి, మాట్లాడకుండా వెళ్ళి పడుకుంది. అలసిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన మా వంటింట్లోకి వచ్చి కూలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మీ అన్నయ్యని స్క్రీన్ దగ్గర్నుంచి తీసేసి సామాన్ల గదికి మారుస్తారట. 'నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అన్నీ చెప్పింది. ఇంక స్క్రీన్‌లో లోపమేముంది, లోపం నీలోనే ఉంది' అన్నాడట సూపర్‌వైజరు, అందరి ముందూ."

కాఫీ గ్లాసు వదిన చేతిలో పెట్టాను గానీ ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమె వెళ్ళగానే చిట్టిని నిలదీశాను.

"ఆ పరీక్ష మాకు కాదట అమ్మా, కొత్త స్క్రీన్‌కట," అంది అది తల వంచుకుని. "అంతా అయ్యాక, పరీక్ష పెట్టిన మేడం చెప్పింది. పని చేసుకుంటూ ఉన్న మనిషికి ఈ స్క్రీన్ చూస్తే సంగతి అర్థమవుతోందా లేదా అని చూస్తారట. పంపు ఆగిపోతే ఎక్కడో మూల ఆవగింజంత ఎర్ర చుక్క వెలుగుతుంది. మామయ్యకి కనపడలేదు. ఎవరికీ కనపడలేదు. నువ్వు చెప్పినట్టు చదువుతూ కూర్చున్నా కాబట్టి నాకు కనపడింది. రేపు నిజంగా పంపు ఆగితే ఆ చుక్కని ఎవరు చూస్తారు?"

"మరి చెప్పకపోయావా?"

"ఏమని చెప్పను? మా అమ్మ బట్టీ పట్టించిందనా?"

నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చీర కూడా మార్చుకోకుండా దాని వెంట కంట్రోల్ రూమ్‌కి బయలుదేరాను.

పరీక్ష పెట్టిన మేడం చిన్న వయసు మనిషి. సూపర్‌వైజరూ అక్కడే ఉన్నాడు. ఓ పక్కన అన్నయ్య తన బీరువా ఖాళీ చేస్తున్నాడు. ఆయన వినకుండా మాట్లాడదామంటే అంతా ఒకటే గది.

"మా అమ్మాయి చెప్పినవన్నీ నేను బట్టీ పట్టించినవేనమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"భలే! క్యారేజీతో పాటు జవాబులు కూడా కట్టిచ్చారన్నమాట," అన్నాడు సూపర్‌వైజరు. వెనకెవరో కిసుక్కుమన్నారు. చిట్టి చెవులు ఎర్రబడ్డాయి.

మేడం నవ్వలేదు. "రెండో ట్యాంకు పొర్లిపోయింది. చూశావా?" అని చిట్టిని అడిగింది.

"చూశాను మేడం. నిండిందని మీకు చెప్పాలనుకున్నానే గానీ, పంపు ఆపాలని తోచలేదు."

"నీ చెయ్యి తడబడి పొర్లిందనుకున్నాను," అందామె. "పని మానేసి చూస్తే ఏ స్క్రీనైనా బాగానే ఉంటుంది. మార్కులు మనుషులకి కాదని ముందే చెప్పి ఉండాల్సింది."

"అది సరే, ప్రశ్నలు మీకెవరు చెప్పారు?" అని సూపర్‌వైజరు నా మీదికి తిరిగాడు.

నన్ను నమ్మి చెప్పింది వదిన. ఆమె పేరెత్తడానికి నోరు రాలేదు. పోనీ ఏదో ఒక అబద్ధమైనా తోచలేదు. కొంగు నులుముకుంటూ నిలబడ్డాను.

"నేనే సార్," అన్నాడు అన్నయ్య బీరువా దగ్గర్నుంచే. "ఇంట్లో అన్నాను. అక్కణ్ణుంచి వెళ్ళుంటుంది."

నా తప్పు కూడా ఆయన నెత్తినే పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

చిట్టి పరీక్ష లెక్కలోకి రాదంది మేడం. ప్రశ్నలు మార్చి అందరికీ మళ్ళీ పెడతానంది. ఎర్ర చుక్క సంగతి తేలేదాకా కొత్త స్క్రీన్ బిగించొద్దని, అప్పటిదాకా ఎవర్నీ కుర్చీలోంచి కదపొద్దని చెప్పింది. సూపర్‌వైజరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. అన్నయ్య సంచిలోని సామాను ఒక్కొక్కటే తిరిగి బీరువాలో సర్దుకున్నాడు.

"అన్నయ్యా..." అంటూ దగ్గరికి వెళ్ళాను.

"చిట్టికి పని నేర్పింది నేనే కదా చెల్లెమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "భయమేస్తే నన్ను అడగాల్సింది."

నాలుగు తిట్టినా బాగుండేది.

చిట్టి డ్యూటీ ఎక్కాలి. "కాసేపు నీతో ఉండనా?" అన్నాను.

"వద్దు. నువ్వెళ్ళు," అని అది నన్ను గుమ్మం దాటించి తలుపు వేసేసుకుంది.

తలుపుకున్న అద్దంలోంచి చూశాను. అన్నయ్య దాని కోసం కుర్చీ లాగాడు. అది కూర్చోలేదు. తల దించుకుని ఏదో చెబుతోంది, చేతులు కట్టుకుని, బళ్ళో పిల్లలా. అది ఏం చెబుతోందో నాకు వినిపించనక్కర్లేదు. ఇంకా అక్కడే నిలబడి చూడటానికి మొహం చెల్లక, మెట్లు దిగి వచ్చేశాను.