వణికే మీసం

పాత బొమ్మల సినిమాలకు స్నానం చేయించడం నా ఉద్యోగం. ఫిల్ముమీది దుమ్మూ మరకలూ కంప్యూటరులో తుడిచి, నిన్నగాక మొన్న తీసినట్టు తయారుచేస్తాం.

ఈసారి నా బల్లమీదికి అమ్మమ్మ పనిచేసిన సినిమాయే వచ్చింది. బొద్దుపిల్లి, దాని చేతులకు తెల్లటి తొడుగులు. అడుగేస్తే బూర పలుకుతుంది, జారిపడితే తాళాలు మోగుతాయి. లేత గులాబీ ఆకాశంలో మేఘాలు చిక్కుడుగింజల్లా ఉంటాయి. అది చూసినప్పుడల్లా ఆ కాలంలో పుట్టనందుకు నాకు దిగులేస్తుంది.

అప్పట్లో ప్రతి బొమ్మనూ పారదర్శకమైన పల్చటి రేకుమీద చేత్తో వేసేవారు. ముందువైపు గీతలు పెద్దమ్మమ్మవి, అంటే అమ్మమ్మ అక్కవి. రేకు తిప్పి వెనకవైపు రంగు నింపేది అమ్మమ్మ. ఇద్దరిదీ ఒకే బల్ల. పెద్దమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఫొటో అంటే ఆమడదూరం పారిపోయే మనిషి, ఇంట్లో ఒక్కటీ లేదు.

శుభ్రం చేసిన సినిమా మర్నాడు పంపాలి. పంపితే ఇక అదే ఖాయం. ముందు అమ్మమ్మ చేత శభాష్ అనిపించుకుందామని ఆఫీసుకు తీసుకొచ్చాను. చివరిదాకా చూసి కళ్ళజోడు తీసింది.

"బాగుందే. కడిగిన ముత్యంలా ఉంది. మరి మా అక్కేదీ?"

"పెద్దమ్మమ్మా? ఇందులో ఎక్కడుంది?"

"పిల్లి మీసంలో. మీసాలు గీసేటప్పుడు అక్కకు నవ్వాగేది కాదు, చెయ్యి వణికేది. ఎన్ని తిట్లు తిన్నా అంతే. ఇప్పుడేమో కర్రల్లా నిలబడ్డాయి."

వణికే గీతలన్నీ తిన్నగా చేయమన్నది మా పెద్దసారు. పరుగున ఆయన గదికి వెళ్ళాను.

"మీసాలు వణికితే చూసేవాళ్ళు మనకు పని చేతకాదనుకుంటారమ్మా," అన్నాడు.

ఒళ్ళు మండింది. "అనుకోనీండి సార్. అది మా పెద్దమ్మమ్మ నవ్వు. దాన్ని చెరిపే పని మాత్రం నాకు చెప్పకండి."

ఆయన తల పట్టుకున్నాడు. "నీతో వేగలేనమ్మా! మీసాలు నీ ఇష్టం. దుమ్ము కనిపించిందో, ఊరుకోను."

సాయంత్రానికల్లా పాత మీసాలు తెచ్చి పెట్టాను. అమ్మమ్మ కుర్చీలోంచి కదలకుండా కూర్చునే ఉంది. తెరమీద పిల్లి పాలగిన్నె దగ్గరికి మెల్లగా చేరింది. మీసాలు గజగజలాడాయి.

అమ్మమ్మ చటాలున రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. పక్కనున్న ఖాళీ కుర్చీవైపు తిరిగి కసిరింది.

"నవ్వాపవే అక్కా! బల్ల ఊగిపోతోంది, నా రంగు ఒలుకుతుంది!"