చేపలపొడికి బదులు

నెహెమ్యా పారతో మొక్కజొన్న నూకనూ, తవుడునూ, వేరుశనగ చెక్కనూ ఒక్క కుప్పగా లాగుతున్నాడు. పిడుగురాళ్ల క్వారీలో ఇరవై ఏళ్లు వంగిన నడుం, ఇక నిటారుగా నిలవదు. భార్య పోయాక నరసరావుపేట శివార్లలోని ప్రభాకరరావు కోళ్లఫారంలో మేత కలపడానికి కుదిరాడు. ఆరేళ్లయింది.

ధర మండిపోయి రెండు నెలలుగా చేపలపొడి రావడం లేదు. దాని బదులు డబ్బాలో తెల్లటి మందు వస్తోంది. అది అన్నిటికీ సమంగా అందకపోతే కోడిపిల్లలు ఎదగవనీ, ముందు చేటెడు తవుడులో కలిపి, ఆపైన గంపెడు తవుడులో కలిపి, అప్పుడు కుప్పలో వెయ్యమనీ కోళ్ల డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బస్తా చేపలు చేసే పని గుప్పెడు పిండి చేస్తుందా, చోద్యం కాకపోతే! నెహెమ్యా దాన్ని కుప్ప మీద చల్లి నాలుగు పారలు తిప్పేవాడు.

పదింటికి డాక్టరు వచ్చి పిల్లల్ని తూచాడు. అయిదు వారాలవి. ఒకటి బలిసింది, పక్కదానికి రెక్కల మీద ఈకల్లేవు.

"మందు చెప్పినట్టే కలుపుతున్నావా?"

"ఆఁ, కలుపుతున్నానండీ."

కోడిపిల్లల్ని చూసుకునే కోటేశ్వరమ్మ మీద ప్రభాకరరావు విరుచుకుపడ్డాడు. "ఏమే, మేత ఎవరికి అమ్ముకుంటన్నావే? పో ఇక్కణ్ణించి!"

"అన్నా, నువ్వన్నా చెప్పు. నేనట్టాటిదాన్నా?"

నెహెమ్యా తల వంచుకుని పార అందుకున్నాడు. ఈ పని పోతే మళ్లీ పలుగు పట్టలేడు. తల వంచుకుని పార అందుకున్నాడు. ఛీ, ఏం బతుకు!

మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాయంత్రానికి ఇక ఉండబట్టలేక యజమాని ముందు నిలబడ్డాడు.

"అయ్యా, తప్పు నాదండీ. మందు సరిగ్గా కలపలా. ఆమె చానా మంచిదండీ."

ప్రభాకరరావు చిరాగ్గా చూశాడు. "ఇప్పుడా చెప్పేది? అది మాచర్ల బస్సెక్కి చెల్లెలి దగ్గరికి పోయిందంట. సర్లే, రేపట్నించి సరిగ్గా కలుపు."

అంతే. ఒక్క తిట్టు కూడా లేదు. ఈపాటి మాటకు భయపడా పొద్దుట తను నోరు కుట్టుకుంది! నెహెమ్యాకు ఏడుపొచ్చింది.

పిల్లల షెడ్డుకి గొళ్లెం పెట్టబోతే గోడవారన కోటేశ్వరమ్మ క్యారేజీ కనబడింది. మూత తీశాడు. కింది గిన్నెలో ఆమె ముట్టని అన్నం. పై గిన్నెలో, రోజూ అతని కోసం తెచ్చే గోంగూర పచ్చడి, పక్కన ఒలిచిన ఉల్లిపాయ.