ముందు క్లిప్పు, తర్వాత స్విచ్చి

మూడో లేజరు డయోడు కూడా చచ్చింది. చచ్చిందంటే పొగ లేదు, చప్పుడు లేదు. స్విచ్చి వేయగానే గోడ మీద గట్టి ఎర్రచుక్క పడాల్సింది పోయి, డయోడు మూతి దగ్గర ఏదో ఎర్రగా మినుకుమంది, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు విసిరేద్దామనుకున్నాను గాని, తలుపు దగ్గరే నాన్న కుర్చీ ఉంది. ఆయన కళ్లు మూసుకున్నా చెవులు తెరిచే ఉంటాయి.

"ఎన్నోది?" అన్నాడు.

"మూడోది."

"ఇంకా ఎన్నున్నాయ్?"

"ఒక్కటి. ఇంకేం అడక్కు నాన్నా, ఏడుపొస్తోంది."

"ఏడుపు కాదు, కోపం. నీకు రెండూ ఒకేలా వస్తాయి."

మాది యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే దుకాణం. మేడ మీద ఒక గది, ఒక పొడుగు బల్ల, వీధివైపు కిటికీ. నాన్న ముప్పై అయిదేళ్లు నడిపాడు. చేతులు వణకడం మొదలయ్యాక సోల్డరింగ్ ఐరన్ నాకిచ్చేసి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఇప్పుడు స్పీకరు పాడైతే బాగుచేయించుకునేవాడెవడు? కొత్తది కొనుక్కుంటాడు. పోయిన నెల మొత్తం మీద మెట్లెక్కి ఇద్దరొచ్చారు. అందులో ఒకాయన దారి అడగడానికొచ్చాడు.

అందుకే, ప్రదర్శన వస్తువులు తయారుచేయడానికి మనిషి కావాలని సైన్సు హాలువాళ్లు ప్రకటన ఇస్తే ఎగిరి గంతేసి దరఖాస్తు పెట్టాను. చెప్పుకోదగ్గ చదువు కాగితాలు నా దగ్గర లేవు. "కాగితాలు తర్వాత. మీ చేత్తో చేసింది ఒకటి చూపించండి, నేనే మీ దగ్గరికి వస్తాను" అంది అక్కడి మేడమ్. ఆవిడ ఇవాళ పన్నెండింటికి వస్తోంది. గోడ గడియారంలో పదిన్నరయింది. ఆ పని నాకు దొరక్కపోతే ఈ నెలాఖరుకి ఈ గదికి తాళం వేసేయడమే.

చూపించాలనుకున్నది మాత్రం మామూలుది కాదు. మాటను వెలుగు మీద ఎక్కించి వీధి దాటించడం. ఎదుటి మేడ మీద మా పిన్ని టైలరింగు దుకాణం ఉంది. ఇక్కడ మైకులో మాట్లాడితే లేజరు వెలుగు ఆ మాటకు తగ్గట్టు సన్నగా వణుకుతుంది. జనం తలల మీదుగా పోయి, పిన్ని కిటికీలో పెట్టిన సోలారు పలక మీద పడుతుంది. పలకకు తగిలించిన స్పీకరు ఆ వణుకును మళ్లీ మాటగా వినిపిస్తుంది. మధ్యలో తీగ ఉండదు. తలుచుకుంటేనే నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

కాని లేజరు డయోడు ఒట్టి సుకుమారి. ముప్పై మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇస్తే నిగనిగలాడుతూ వెలుగుతుంది, హద్దు దాటితే రెప్పపాటులో పోతుంది. ఆ హద్దు కాపలా కాసే సర్క్యూట్‌నే డ్రైవరు అంటారు. అది కొనకుండా నేనే చేశాను. నేను చూపించాల్సింది అదే గదా.

గుడ్డిగా ఏమీ చేయలేదు. ముందు లేజరు బదులు డమ్మీ పెట్టి చూశాను. మూడు మామూలు డయోడ్లు, చిన్న రెసిస్టరు కలిపి అతికించిన ముక్క అది. డ్రైవరు ముందు లేజరులా నటిస్తుంది, పోయినా బాధ లేదు. డమ్మీతో మీటరు ముప్పై చూపించింది. అరగంట ఉంచినా ముప్పయ్యే. డమ్మీ తీసి లేజరు పెడితే మాత్రం చావు. మొదటిది పోయాక డ్రైవరులోని రెగ్యులేటరు మార్చాను. రెండోది పోయాక అడాప్టరు పక్కన పారేసి బ్యాటరీ పెట్టాను. ఇప్పుడు మూడోది. ఇక మార్చడానికి మిగిలింది నేనొక్కదాన్నే.

ఎదుటి కిటికీలోంచి పిన్ని తల బయటపెట్టింది. "ఏమేవ్, నా మిషను పక్కన నీ డబ్బా పెట్టి పొద్దున్నుంచీ చూస్తున్నా. కుయ్యనలేదు, కయ్యనలేదు."

"నీ గుండీలు నువ్వు కుట్టుకో పిన్నీ, కాసేపు."

"చూశారా బావగారూ, దీనికి ముక్కు మీదే కోపం. అచ్చం మీ పోలిక."

"నా పోలిక కాదు మరదలా, మీ అక్క పోలిక" అన్నాడు నాన్న కళ్లు తెరవకుండానే. తర్వాత నావైపు తిరిగి, "లేజరు జోలికి పోకు. డమ్మీతో మొదట్నించీ ఇంకోసారి చెయ్యి. నువ్వేం మాట్లాడకు, నేను వింటాను" అన్నాడు.

"కరెంటు వినపడుతుందా నీకు?"

"నీ చేతులు వినపడతాయి."

మాట్లాడకుండా చేశాను. డమ్మీ తగిలించాను, స్విచ్చి వేశాను. ముప్పై. బాగానే ఉంది. ఇక లేజరు పెట్టాలంటే డమ్మీ తీయాలి గదా. క్లిప్పు లాగాను, టిక్. స్విచ్చి ఆపాను, టక్.

నాన్న మొహం వెలిగిపోయింది. "ముందు క్లిప్పు, తర్వాత స్విచ్చి. మర్చిపోలేదన్నమాట."

ఎలా మర్చిపోతాను? ఆపేటప్పుడు పాత యాంప్లిఫయరు స్పీకరును ధబ్‌మని ఒక్క తన్ను తన్నేది. ఆ దెబ్బకు లోపలి కాగితం చిరిగేది. అందుకని ముందు స్పీకరు క్లిప్పు తీసి, తర్వాతే స్విచ్చి ఆపాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి తిరగేసి చేస్తే స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు. అప్పట్నించీ నా చేతులు నన్ను అడక్కుండానే ఆ వరసలో పోతాయి.

నాన్న మొహంలో నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. కళ్లు తెరిచాడు.

"ఆగు. నువ్వు క్లిప్పు తీశాక కూడా స్విచ్చి ఇంకా వేసే ఉంది గదా?"

"ఉంది. ఒక్క క్షణం."

"ఆ ఒక్క క్షణం డ్రైవరు కరెంటు ఎవరికి పోస్తోంది?"

ఎవరికీ కాదు అనబోయి ఆగాను. ఎవరికీ కాకపోవడమేమిటి? డ్రైవరు చివర, కుదుపులు తగలకుండా, నేనే ఒక కెపాసిటరు పెట్టాను. తాగేవాళ్లు లేని కరెంటంతా దాంట్లోకే పోతోంది. అది గొంతుదాకా నింపుకుని కూర్చుంటోంది. నేనేమో స్విచ్చి ఆపేశాను గదా అని నిశ్చింతగా లేజరు తెచ్చి దాని నోటికి అందిస్తున్నాను.

మీటరు పెట్టి చూశాను. స్విచ్చి ఆపే ఉంది. అయినా ఎనిమిదిన్నర వోల్టులు. లేజరుకు కావాల్సింది రెండుంబావు.

"నాన్నా, నేను వెలిగించకముందే చంపేస్తున్నా దాన్ని" అని అరిచాను. "పెట్టగానే చచ్చిపోతోంది. స్విచ్చి వేసి చూసేది శవాన్ని." నాకు నవ్వాగలేదు. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాను. రెండు రోజులు నన్ను కాల్చుకుతిన్నది ఈ కాస్త ముక్కా?

నాన్న నవ్వలేదు. వణుకుతున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"నేను నేర్పిందే" అన్నాడు మెల్లగా.

"నువ్వు స్పీకర్లకు నేర్పావ్. లేజర్లకు పనికిరాదని నాకు తట్టొద్దా? ఆవిడ అడిగితే నా తొందరపాటని చెప్తాను. నీ మాట ఎత్తను."

ఆయన్ని ఊరడించే తీరిక నాకు లేదు, పదకొండుంబావయింది. కెపాసిటరుకు అడ్డంగా ఒక రెసిస్టరు అతికించాను, స్విచ్చి ఆపగానే నింపుకున్నదంతా దాంట్లోంచి కారిపోయేలా. డమ్మీతో ఒకసారి చూసుకున్నాను. ముప్పై. నా చెయ్యి తిన్నగా క్లిప్పు మీదికి పోయింది. నాన్న దగ్గాడు. నాలిక్కరుచుకుని ముందు స్విచ్చి ఆపాను, తర్వాత క్లిప్పు తీశాను. మీటరు చూశాను. సున్నా.

ఆఖరి డయోడు పెట్టాను. వేలు స్విచ్చి మీద పెట్టాను. వేశాను.

వీధికి అవతల పిన్ని పరదా మీద ఎర్రగా, సూదిమొనంత చుక్క. చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. లేజరును గోరంత జరిపి చుక్కను పలక మీదికి తెచ్చి, మైకు అందుకుని, "పిన్నీ, మిషను ఆపు" అన్నాను, అరవకుండా, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు.

ఎదుట మిషను ఠక్కున ఆగింది. పిన్ని తల కిటికీలోంచి బయటికొచ్చింది. "నా చెవి పక్కనే ఉన్నావ్ గదే" అంది, కళ్లు ఇంతలేసి చేసుకుని. నేను ఎగిరి గంతేస్తే బల్ల మీది స్క్రూల డబ్బా బోర్లాపడింది. పడనీ అనుకున్నాను.

మేడమ్ పన్నెండుకు అయిదు నిమిషాల ముందే వచ్చింది. పొట్టిగా, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, చేతిలో పుస్తకంతో. డ్రైవరు చూసింది, చుక్క చూసింది. తర్వాత గిన్నెలో పడేసిన మూడు డయోడ్లూ చూసింది.

"పనిచేసేది ఎవరైనా తెస్తారు. ఇవెలా పోయాయో చెప్పండి."

"నా తొందరపాటు మేడమ్. స్విచ్చి ఆపకుండా క్లిప్పు తీశాను."

"మూడుసార్లూనా?"

"అలవాటు."

"ఎక్కణ్నుంచొచ్చింది ఆ అలవాటు?"

నేను నేల చూపులు చూశాను. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంది. "సరే, అవతల ఎలా వినపడుతుందో చూస్తాను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. పని పోయినట్టేనని నాకు తెలిసిపోయింది.

ఆవిడ ఎదుటి కిటికీలో కనిపించేసరికి నేను మైకు కోసం చెయ్యి చాపాను. అప్పటికే అది నాన్న చేతిలో ఉంది. చేతులు వణుకుతున్నాయి గాని గొంతు వణకడం లేదు.

"అమ్మా, ఆ అలవాటు నాది" అన్నాడు. "స్పీకర్ల పని అది. ముప్పై అయిదేళ్లలో ఒక్క స్పీకరు కాగితం చిరగనివ్వలేదు. ఎనిమిదేళ్ల పిల్ల వేళ్ల మీద కొట్టి నేర్పాను. ఇవాళ మూడు డయోడ్లను చంపింది అదే. తప్పు నా పిల్లది కాదు. కాని తప్పు తెలిశాక, ఇరవయ్యేళ్ల అలవాటును పావుగంటలో పక్కన పెట్టిందమ్మా, అది మాత్రం నా పిల్లదే."

అవతల స్పీకరు పక్కన మేడమ్ కదలకుండా నిలబడింది. పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నన్ను కొట్టిన సంగతి నాన్న ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు కళ్లు మసకబారి చుక్క కనపడకుండా పోయింది.

మేడమ్ కిటికీలోంచి వంగి గట్టిగా పిలిచింది. "సోమవారం నుంచి రండి. వచ్చేటప్పుడు ఆ పోయిన మూడూ కూడా తీసుకురండి. హాల్లో దీని పక్కనే పెడదాం, ఎలా పోయాయో రాసి. మీ నాన్నగారి మాటల్లోనే."

నాన్న మైకు దించకుండానే, "మరదలా, విన్నావా?" అన్నాడు.

"విన్నాను బావగారూ, వీధి మొత్తం విన్నది" అని పిన్ని అరిచింది. ఆమెకు మైకు అక్కర్లేదు.

అన్నీ సర్దేటప్పుడు నా చెయ్యి మళ్లీ క్లిప్పు మీదికే పోయింది. ఈసారి నాన్న దగ్గలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. నేనే ఆగాను. స్విచ్చి ఆపి, తర్వాత క్లిప్పు తీశాను.

"టక్, టిక్" అన్నాడు నాన్న.