మూత పెట్టిన సూఫ్లే

పొద్దున్నే లేచి పక్క సర్దాను. దుప్పటి మడతపెట్టి, దిండ్లు దులిపి, స్నానాలగది నేల తుడిచి, టీ తాగిన కప్పులు కడిగి బోర్లించాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న మా ఆయన ద్వారకానాథ్, "ఇది హోటలు వసూ. ఆ పని వాళ్ళది," అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఫలానా పని నాది కాదని అతని నోట వినడం అదే మొదలు. నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే అతని తడి తువ్వాలు తీసి ఆరేశాను.

మెల్‌బోర్న్ పక్కనే డాండినాంగ్ కొండల్లో ఉంది ఈ ఫ్రెంచ్ సత్రం. ఆరే గదులు, రాతి గోడలు, కిటికీల కింద లావెండర్ పొదలు. వంట చేసేది ఇంటాయన. వడ్డించేది ఆయన భార్య, మేడం ఒడెట్. మగవాడు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే నేను కుర్చీలో చేరగిలి కూర్చోవడం నాకు తెగ నచ్చింది. ఈ మాట దాచుకోవలసిన అవసరం లేదు.

ఇక్కడికి రావడానికి కారణం నా ఉద్యోగం. రెండేళ్ళపాటు ఒక బ్యాంకులో పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలన్నీ సరిచేశాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకమంతా గుండెలు అరచేత పట్టుకుని ఉంటే, మా బ్యాంకులో ఈగ కూడా వాలలేదు. మీటింగుల్లో అందరికీ కాఫీలు ఎవరు తెప్పిస్తారంటే అన్ని తలలూ నావైపే తిరిగేవి, అది వేరే సంగతి. ఆ పని అయ్యాక మా మేనేజర్ గ్రేయమ్ రెండు రాత్రుల ఈ బసని నాకు బహుమతిగా ఇచ్చాడు. మా ఆయన తన స్నేహితుడు సుబ్బుతో ఫోన్లో, "మాకు ఫ్రీ హాలిడే ఇచ్చార్రా," అన్నాడు. అన్నం వండేది నేను, ఆకలి మాది. అలాంటి 'మాకు' అది.

బహుమతితోపాటు గ్రేయమ్ ఒక ప్రశ్న కూడా వేశాడు. టీమ్ లీడ్‌గా ఉంటావా? నెల గడువిచ్చాడు, ఈ సోమవారంలోగా చెప్పాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. పండగకి పట్టుచీర కావాలనుకునే చిన్నపిల్లలా కావాలి. కానీ ఇంట్లో ఆ మాట అలా అనలేకపోయాను. "చేయమంటారా?" అని అడిగాను. మళ్ళీ వారం అడిగాను, ఆపై వారమూ అడిగాను. అడిగినప్పుడల్లా, "తర్వాత చూద్దాంలే. లీడ్ అంటే ఆరింటికి ఇంటికి రాలేవు. అనన్యని స్కూల్ నుంచి ఎవరు పికప్ చేస్తారు? వంట సంగతేంటి?" అనేవాడు. కోపంగా కూడా కాదు. రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా.

మా పాప అనన్యని క్లేటన్‌లో నా స్నేహితురాలు కుసుమ వాళ్ళింట్లో వదిలి వచ్చాం. ఆ రోజు, శనివారం సాయంత్రం ఇంకా బాగా వెలుతురుండగానే భోజనాలగదికి వెళ్ళాం. మాంసం తినం, గుడ్డయితే పర్వాలేదన్నాం. మేడం కాస్త ఆలోచించి, "అయితే చీజ్ సూఫ్లే, గుడ్ల నురగ కలిపి పొంగించేది. ఇద్దరికీ కలిపి ఒకటి. అది ఇప్పుడే మొదలుపెట్టాలి," అంది.

కాసేపటికి మా ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆ కొండల్లో సిగ్నల్ గేటు దగ్గర తప్ప సరిగ్గా అందదు. "సుబ్బు," అని లేచి వెళ్ళాడు. అతనటు వెళ్ళగానే సూఫ్లే వచ్చింది. తెల్లటి పింగాణీ గిన్నె అంచు మీదికి నాలుగు వేళ్ళ ఎత్తు పొంగి, నూనెలోంచి అప్పుడే తీసిన పూరీలా బంగారు రంగులో ఉంది. రెండు చెంచాలు పెట్టి మేడం వెళ్ళింది. నేను కిటికీలోంచి గేటువైపు చూశాను. అతను చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. చల్లారిపోతుందని, ఖాళీ ప్లేటు ఒకటి తీసి గిన్నె మీద బోర్లించాను.

"మొగుడు రాకుండా కంచం ముందు కూర్చోవడం మా ఇంటావంటా లేదమ్మా," అని మా అత్తగారు కాపురానికి వచ్చిన వారమే చెప్పారు. అప్పటినుంచీ అన్నిటికీ మూతలు పెట్టి కూర్చున్నాను. మూత కింద వేపుడు చెమటపట్టి మెత్తబడేది. అప్పడాలు సాగేవి. నా చేతి బెండకాయ వేపుడు కరకరలాడుతుందని అందరూ అంటారు. వండిన నాకే ఆ కరకర తెలియదు.

మేడం వచ్చి ప్లేటు చూసి ఆగిపోయింది. మెల్లగా ఎత్తింది. కింద సూఫ్లే చప్పబడి, నడుమ కుంగిపోయి, తడి గుడ్డలా ఉంది.

"ఎందుకు మూశారు?"

"మా ఆయన ఫోన్లో ఉన్నారు. చల్లారకుండా..."

పాలు ఒలకబోసిన కొత్తకోడలిలా సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం నవ్వింది. "ఇది ఎవరికోసమూ ఆగదమ్మా. ఇంకొకటి చేయిస్తాను. ఈసారి బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళు తినాలి."

మా ఆయన వచ్చాడు. జరిగింది చెబితే పడీపడీ నవ్వి, "నీ మూతల పిచ్చి ఫ్రాన్స్ దాకా వెళ్ళిందే," అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంతలో మళ్ళీ ఫోన్.

"ఆగండి, ఇంకో ఐదు నిమిషాల్లో వస్తుందట."

"సుబ్బు వాళ్ళ వెబ్‌సైట్ కంపెనీలో ఓపెనింగ్ ఉందట వసూ. మండే రెజ్యూమె పంపిస్తానని చెప్పేశా. జస్ట్ టూ మినిట్స్," అంటూనే వెళ్ళిపోయాడు.

చెప్పేశాడట. వెళ్ళనా అని నన్నడిగాడా? అడగాలని తోచనైనా లేదు. దాచాడని కాదు, మోసమనీ కాదు. అతనికి కావాలనిపించింది, కావాలన్నాడు, అంతే. అంత తేలికగా ఉంటుందన్నమాట. కోపం కన్నా ముందు అసూయ కలిగింది నాకు.

రెండో సూఫ్లే వచ్చింది. చెంచాతో నడిమికి గీత గీశాను, ఆ సగం అతనిదని. పైపొర చిట్లి ఆవిరి ముఖాన కొట్టింది. మొదటి ముద్దకే నాలుక కాలింది. అయినా ఆపలేదు. పైన కరకర, లోపల మీగడ మెత్తదనం, ఉప్పగా, కమ్మగా. నా సగం అయ్యేసరికి అతని సగం కళ్ళముందే దిగిపోవడం మొదలైంది. గేటువైపు ఒకసారి చూశాను. గీత దాటాను. గిన్నె అంచులకు అంటుకున్న మాడు పొర దాకా గీక్కుని తిన్నాను. కడుపు నిండడమే కాదు, ప్రాణం లేచొచ్చింది.

అతను వచ్చి ఖాళీ గిన్నెలోకి తొంగిచూశాడు. "మొత్తం తినేశావా?"

"మొత్తం. చాలా బావుంది."

"నాకు కొంచెం ఉంచాల్సింది," అన్నాడు కినుకగా. ఆకలి మీదున్నాడు పాపం. రొట్టెల బుట్ట అతనివైపు జరిపాను. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని, సుబ్బు చెప్పిన కంపెనీ కబుర్లు మొదలుపెట్టాడు. అవన్నీ విన్నాను. బాగానే ఉన్నాయి.

"తప్పకుండా పంపండి," అన్నాను. "నేనూ సోమవారం గ్రేయమ్‌తో సరేనంటున్నాను. వారంలో మూడు రోజులు అనన్యని మీరు తీసుకురండి. ఆ మూడు రోజులూ వంట మీది."

చేతిలోని రొట్టె ముక్క బుట్టలో పెట్టేశాడు. "అదేంటి వసూ, నన్నడగాలి కదా?"

"నెలంతా అడిగాను కదండీ. ఇది చెప్పడం."